ఉయ్యాలల లాంచీ: అమెజాన్ మీద ప్రయాణం

బ్రెజిల్‌లోని అమెజొనాస్ రాష్ట్రం ఒక్కటే 15 లక్షల చదరపు కిలోమీటర్లకు మించి ఉంటుంది. అంటే భారతదేశంలో దాదాపు సగం. అందులో ఉన్న 62 పురపాలికల్లో ఎక్కువ వాటికి రాజధాని మనౌస్ నుంచి రోడ్డు లేదు. మనౌస్ నుంచి దక్షిణాన పోర్తో వెల్యోకు 1970లలో వేసిన బీఆర్-319 రహదారి వానలకూ ముంపుకూ తట్టుకోలేక కొన్నేళ్లకే చాలాచోట్ల పాడైపోయింది. నదికి ఇంకా ఎగువన, పెరూ దేశంలోని ఇకిటోస్ నగరంలో లక్షల మంది ఉంటున్నా బయటి నుంచి అక్కడికి చేరడానికి విమానమో పడవో తప్ప వేరే దారి లేదు. ఈ అడవిలో బస్సు చేసే పనంతా లాంచీ చేస్తుంది. పెళ్లికి వెళ్లేవాళ్లు, ఆసుపత్రికి వెళ్లేవాళ్లు, చదువుకునే పిల్లలు, సిమెంటు బస్తాలు, ఉల్లిపాయలు, మోటారు సైకిళ్లు, కోళ్లు, అన్నీ దాని మీదే వెళ్తాయి. దూరదేశాల నుంచి సాహసయాత్రకు వచ్చినవాళ్లకూ చోటు దొరికేది వాళ్ల మధ్యే.

పాతకాలపు లాంచీలు కర్రవి. వాటిని ఇటౌబా అనే గట్టి చెట్టు పలకలతో కడతారు. ఆ కర్ర నీటిలో త్వరగా కుళ్లదు, పురుగు పట్టదు. రియో నెగ్రో ఒడ్డున ఉన్న నోవో ఐరావు ఊరికి పడవలు కట్టే ఊరని పేరు. ఇప్పుడు పెద్ద దారుల్లో ఇనుప లాంచీలే ఎక్కువ తిరుగుతున్నాయి గానీ లోపలి అమరిక మాత్రం మారలేదు. అడుగు అంతస్తులో సరుకు, ఇంజను. మధ్య అంతస్తులో జనం. పైన కొంత ఖాళీ జాగా, ఒక చిన్న అంగడి. గదులు కొన్నే, అవీ ఇరుకు. ఇనుప గోడల గదిలో మధ్యాహ్నం ఉక్కపోతను తట్టుకోలేక, డబ్బు పెట్టి గది తీసుకున్నవాళ్లు కూడా చాలాసార్లు బయటికి వచ్చి ఉయ్యాల కట్టుకుంటారు.

ప్రయాణికుడికి పడక ఈ గుడ్డ ఉయ్యాలే. ఎవరి ఉయ్యాల వాళ్లు తెచ్చుకోవాలి. రేవు దగ్గరి దుకాణాల్లో తాళ్లతో సహా అమ్ముతారు. మధ్య అంతస్తు పైకప్పు కింద పొడవునా ఇనుప కడ్డీలు, కొక్కేలు ఉంటాయి. వాటికి ఒక కొస, ఎదుటి కడ్డీకి ఇంకో కొస కడతారు. రద్దీ రోజుల్లో ఒకరి భుజానికి మరొకరి మోకాలు తగిలేంత దగ్గరగా, ఒకదాని కింద ఒకటిగా రెండు వరసల్లో వేలాడతాయి. తెలిసినవాళ్లు లాంచీ బయల్దేరడానికి చాలా గంటల ముందే వచ్చి, ఇంజను మోతకూ మరుగుదొడ్ల వాసనకూ దూరంగా ముందు భాగంలో చోటు పట్టుకుంటారు. మొదటిసారి పడుకునేవాళ్లు ఉయ్యాల పొడవునా నిటారుగా ఒరిగి, తెల్లారేసరికి నడుం పట్టేసి లేస్తారు. గుడ్డకు ఏటవాలుగా, తల ఒక మూలకూ కాళ్లు ఎదుటి మూలకూ వచ్చేలా పడుకుంటే గుడ్డ విచ్చుకుని వెన్ను చదునుగా నిలుస్తుంది.

ఈ పడక అడవి మనుషులు కనిపెట్టింది. ఐరోపావాళ్లు రాకముందే దక్షిణ అమెరికా, కరీబియన్ ప్రాంతాల ఆదివాసులు ఇలాంటి ఉయ్యాలల్లో పడుకునేవారు. తేమ నేల, చీమలు, పాములు అందనంత ఎత్తులో ఉంటుంది. కింద నుంచీ గాలి తగులుతుంది. లాంచీ పక్కలకు గోడలుండవు, వాన పడినప్పుడు దించే టార్పాలిన్లు మాత్రం ఉంటాయి. కదులుతున్న పడవ మీద ఆగకుండా వీచే గాలికి దోమ నిలవలేదు. లాంచీ రేవులో ఆగిన సంధ్యవేళే దోమల సమయం. అదే గాలి వల్ల, భూమధ్యరేఖకు ఇంత దగ్గరైనా, రాత్రి రెండు దాటాక దుప్పటి లేనివాళ్లు వణుకుతారు.

బరువైన సరుకును అడుగున పెట్టడంలో భౌతికశాస్త్రం ఉంది. గరిమనాభి ఎంత కిందికి ఉంటే పడవ అంత నిలకడగా ఉంటుంది. పై అంతస్తుల్లో జనం పెరిగితే, అందరూ ఒక పక్కకు చేరితే, ఆ నిలకడ పోతుంది. 1981 సెప్టెంబరులో ఓబిదోస్ రేవులో సోబ్రాల్ సాంతోస్ II అనే లాంచీ మునిగి 300 మందికి పైగా చనిపోయారని అంచనా. మోతాదు మించిన సరుకు, మోతాదు మించిన జనం దానికి కారణాలు. లాంచీ ఎక్కేముందు జనాన్నీ, నీటిమట్టానికి అంచు ఎంత ఎత్తులో ఉందో అదీ చూసి, అనుమానం వస్తే ఎక్కకపోవడమే తెలివైన పని.

వాలు లేని నది

ఇకిటోస్ నగరం సముద్రం నుంచి నది వెంట సుమారు 3,600 కిలోమీటర్ల దూరంలో ఉంది. సముద్రమట్టానికి దాని ఎత్తు దాదాపు 100 మీటర్లే. అంటే నది కిలోమీటరుకు సగటున మూడు సెంటీమీటర్లు కూడా దిగదు. సముద్రపు ఓడలు ఖండం మధ్య దాకా రాగలగడానికి ఇదే కారణం. ఆటుపోట్ల ప్రభావం కూడా సముద్రం నుంచి 800 కిలోమీటర్ల లోపల ఉన్న ఓబిదోస్ దాకా కొలతకు అందుతుంది.

ఇంత తక్కువ వాలున్నా నదిలో ఉరవడి తక్కువేం కాదు. దానికి కారణం నీటి పరిమాణం. అమెజాన్ సగటున సెకనుకు 2 లక్షల ఘనపు మీటర్ల నీటిని సముద్రంలో కలుపుతుంది. అది సుమారు 70 లక్షల క్యూసెక్కులు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆంధ్ర దేశం మరిచిపోలేని ఆ వరదకు రెట్టింపు నీరు అమెజాన్‌లో ఏడాది పొడవునా సగటున పారుతుంది. భూమి మీద నదులన్నీ సముద్రాలకు చేర్చే మంచినీటిలో దాదాపు ఐదో వంతు ఈ ఒక్క నదిదే.

నీరు నడిమధ్య వేగంగా, ఒడ్డు పక్కన నెమ్మదిగా పారుతుంది. నేల రాపిడి, గట్టు రాపిడి ప్రవాహాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే ఏటివాలుకు పోయే లాంచీ నది నడుమ పడి పోతుంది, ఎదురెక్కే లాంచీ ఒడ్డును ఆనుకుని, వంపు తిరిగిన చోట లోపలి పక్కకు మారుతూ పోతుంది. తేడా ఎంతో చిన్న లెక్కతో తేలుతుంది. లాంచీ వేగం గంటకు 18 కిలోమీటర్లు, ప్రవాహం 5 కిలోమీటర్లు అనుకుంటే వాలుకు 23, ఎదురుకు 13. మనౌస్ నుంచి కొలంబియా సరిహద్దులోని తబటింగాకు నది వెంట సుమారు 1,600 కిలోమీటర్లు. ఎక్కడానికి 120 గంటలు దాటుతుంది, దిగడానికి 70 గంటలు చాలు. రేవుల్లో ఆగే సమయం కలిపితే ఎక్కేటప్పుడు వారం దాకా, దిగేటప్పుడు నాలుగు రోజులు. అడవి చూడాలనుకునేవాళ్లు ఎదురెక్కే లాంచీనే ఎంచుకోవాలి. ఆలస్యమైనా ఒడ్డు కంటికి ఆనేంత దగ్గరగా ఉంటుంది. వాలుకు దిగేవాళ్లకు రోజంతా కనిపించేది గోధుమరంగు నీరు, దూరాన ఒక ఆకుపచ్చ గీత.

ఆవిరి యంత్రం రాకముందు ఈ లెక్క మరీ కఠినంగా ఉండేది. 1848లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌తో కలిసి సముద్రం దగ్గరి బెలేం రేవుకు చేరి, పదకొండేళ్లు ఈ నది మీదే గడిపిన ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త హెన్రీ వాల్టర్ బేట్స్ దాన్ని వివరంగా రాశాడు. తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు తెరచాపను ఎగువకు నెట్టే ఎండాకాలంలో బెలేం నుంచి నేటి మనౌస్‌కు దాదాపు 40 రోజులు. గాలి ఆగి నది ఉప్పొంగే వానాకాలంలో మూడు నెలలు. 1853లో ఆవిరి పడవలు మొదలయ్యాక అదే ప్రయాణం ఎనిమిది రోజులకు తగ్గింది. నేటి లాంచీ ఐదారు రోజుల్లో చేరుస్తుంది.

భూమధ్యరేఖ పక్కన సూర్యుడు ఏడాదంతా ఇంచుమించు సాయంత్రం ఆరింటికే అస్తమిస్తాడు కాబట్టి ప్రయాణంలో సగం చీకట్లోనే సాగుతుంది. సరంగు కొద్ది నిమిషాలకోసారి శక్తిమంతమైన దీపాన్ని ఒడ్డు మీదికీ నీటి మీదికీ తిప్పి ఆర్పేస్తాడు. ఆర్పకపోతే అతని కళ్లు చీకటికి అలవాటు పడవు. వెతికేది కొట్టుకొచ్చే దుంగల కోసం. నీరు తగ్గే నెలల్లో, ఇన్నాళ్లూ నదీజలం ఆనించి నిలిపిన తడి గట్లు ఆసరా పోయి చెట్లతో సహా విరిగి పడతాయి. ఆ చెట్లే దుంగలై దిగువకు వస్తాయి. ఇసుక మేటలు, లంకలు ఏటేటా చోటు మారుస్తాయి. రాడార్లు, ఉపగ్రహ పటాలు వచ్చినా, నిరుడు గీసిన పటం కంటే మొన్న ఆ దారిన వచ్చిన సరంగు మాటకే ఇక్కడ విలువ ఎక్కువ.

మూడు రంగుల నీళ్లు

మనౌస్ రేవు రియో నెగ్రో మీద ఉంది. ఆ నీరు చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంటుంది. ఉత్తరాన ఇసుక నేలల్లో రాలిన ఆకులు పూర్తిగా కుళ్లక వదిలే ఆమ్లాలు దానికి ఆ రంగునిస్తాయి. లవణాలు బహు తక్కువ. ఇలాంటి పేదనీటిలో దోమ పిల్లలు పెద్దగా బతకలేవు, అందుకే రియో నెగ్రో మీద ప్రయాణం రాత్రుళ్లు హాయిగా ఉంటుంది. నగరం దాటగానే పడమటి నుంచి వచ్చే సొలిమోయిస్ కలుస్తుంది. అది ఆండీస్ కొండల ఒండ్రును మోసుకొచ్చే పాలటీ రంగు నది. రెండూ సుమారు ఆరు కిలోమీటర్ల పాటు కలవకుండా పక్కపక్కనే పారతాయి. నెగ్రో వెచ్చన, నెమ్మది. సొలిమోయిస్ చల్లన, దానికంటే ఎంతో వేగం, ఒండ్రు వల్ల బరువు. వేగం, వేడి, సాంద్రత మూడింటా తేడా ఉండడమే అవి తొందరగా కలవకపోవడానికి కారణం. లాంచీ ఆ గీతను దాటేటప్పుడు రెయిలింగు పక్కన నిలబడి కిందికి చూస్తే, నల్లనీటిలోకి గోధుమరంగు నీరు సుడులు సుడులుగా పొంగి పైకి రావడం కనిపిస్తుంది.

దిగువన సాంతారెం దగ్గర మూడో రకం ఎదురవుతుంది. తపజోస్ నది నీరు తేటగా, పచ్చగా ఉంటుంది. అతి ప్రాచీనమైన బ్రెజిల్ పీఠభూమి శిలలు కోట్ల ఏళ్లుగా అరిగిపోయి ఉన్నాయి కాబట్టి అక్కడి నుంచి వచ్చే నీటిలో ఒండ్రు పెద్దగా ఉండదు. తెల్లనీరు, నల్లనీరు, తేటనీరు అనే ఈ విభజనను శాస్త్రంగా నిలబెట్టినవాడు జర్మన్ జలశాస్త్రవేత్త హారల్డ్ సియోలి. రంగును చూసి ఆ ఒడ్డున పంట పండుతుందా, చేప దండిగా దొరుకుతుందా, దోమలుంటాయా అన్నది చాలావరకు చెప్పవచ్చు.

ముంపు అడవి

మనౌస్ దగ్గర నీటిమట్టం ఏటా సగటున పది మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. జూన్‌లో శిఖరం, అక్టోబరు నవంబరుల్లో అడుగు. మూడంతస్తుల మేడంత ఈ తేడాకు రేవులు, ఇళ్లు, చెట్లు, చేపలు అన్నీ తమను తాము సర్దుకున్నాయి. మనౌస్ రేవు నీటితో పాటు లేచే తేలుడు రేవు. దాన్ని 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ ఇంజనీర్లు కట్టారు. నది ఒడ్డు ఇళ్లు పొడవాటి గుంజల మీద ఉంటాయి, లేదా పెద్ద దుంగల తెప్పల మీద తేలుతుంటాయి.

నిండు వరదలో నది గట్లు దాటి ఎన్నో కిలోమీటర్లు అడవిలోకి చొరబడుతుంది. కొన్ని చెట్లు ఏడాదిలో సగానికి పైగా నీటిలోనే నిలుస్తాయి. వేళ్లకు ప్రాణవాయువు అందక పెరుగుదల ఆగిపోతుంది, కొన్ని ఆకులు రాల్చేస్తాయి. దాని ఫలితం శాస్త్రవేత్తలకు వరమైంది. ఎప్పుడూ వేడి, ఎప్పుడూ తడి ఉండే ఉష్ణమండల చెట్ల కాండాల్లో సాధారణంగా ఏడాది వలయాలు స్పష్టంగా కనిపించవు. ముంపు అడవి చెట్లకు మాత్రం ఏడాదికొక వలయం పడుతుంది, దాన్ని బట్టి వయసు లెక్కించవచ్చు.

చాలా చెట్లు నీరున్న నెలల్లోనే పండ్లు రాలుస్తాయి. వాటి కోసం చేపలు అడవిలోకి వస్తాయి. తంబాకి అనే పెద్ద చేపకు గుర్రపు పళ్లలాంటి దంతాలున్నాయి. గట్టి రబ్బరు గింజలను అది పటపట నమిలేస్తుంది. నలగకుండా కడుపులోకి పోయిన గింజలు దూరాన మొలకెత్తుతాయి, అలా ఇక్కడ చేప కూడా అడవిని నాటుతుంది. తంబాకికి దగ్గరి చుట్టం పిరపిటింగా. కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచి, చేపల బజారులో రూప్‌చంద్ పేరుతో అమ్మేది అదే. దాని తాతముత్తాతలు ఈ అడవిలో చెట్ల కింద పండ్లు ఏరుకు తిన్నవే. తెలుగు కాలువలనూ చెరువులనూ ఉక్కిరిబిక్కిరి చేసే గుర్రపుడెక్క కూడా ఇక్కడిదే. పుట్టింట్లో అది బెడద కాదు. నీటిమట్టం పెరిగి తగ్గడం, నీటి ఆవులు మేయడం, పురుగులు తినడం దాన్ని అదుపులో ఉంచుతాయి. ఏటా పొంగే నీరే ఇక్కడి జీవానికి ఆయువుపట్టని వోల్ఫ్‌గాంగ్ యుంక్, మరి ఇద్దరు శాస్త్రవేత్తలు 1989లో సిద్ధాంతీకరించారు. నదిని వరదమైదానం నుంచి విడదీసి చూడకూడదన్నది వాళ్ల వాదన.

లాంచీ మీది నుంచి జాగ్వార్ పులిని చూస్తామనుకునేవాళ్లకు నిరాశే మిగులుతుంది. గులాబిరంగు డాల్ఫిన్లు రేవుల దగ్గర తరచూ కనిపిస్తాయి. తెల్లారుజామున కేకల కోతుల గర్జన కిలోమీటర్ల దూరం నుంచి వినిపిస్తుంది. అంతకు మించి కావాలంటే దిగి, చిన్న పడవలో పాయల్లోకి పోవాలి. తెఫే ఊరి దగ్గరి మమిరావా రక్షిత ప్రాంతం అందుకు మంచి చోటు. అక్కడ బస కూడా దుంగల మీద తేలే ఇళ్లలోనే. ముంపు కాలంలో అక్కడి జాగ్వార్ పులులు నెలల తరబడి చెట్ల మీదే కాపురముంటాయని పరిశోధకులు మెడపట్టీలు వేసి తేల్చారు. పాయల అంచున పొదల్లో హోట్సిన్ పక్షులు గుంపులుగా ఉంటాయి. ఆకులే వాటి తిండి, ఆవు కడుపులో మాదిరిగా అవి ముందు పొట్టలో పులుస్తాయి. వాటి పిల్లల రెక్కలకు గోళ్లుంటాయి. ముప్పు వస్తే పిల్ల గూటి నుంచి నీటిలోకి దూకి, ఆనక గోళ్లతో కొమ్మ పట్టుకుని పైకెక్కుతుంది.

పగలు ఆకాశాన్ని గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. ఎండకు అడవి మీది గాలి వేడెక్కి లేస్తుంది, వెడల్పాటి నది మీద గాలి కిందికి దిగుతుంది. అందుకే మధ్యాహ్నం రెండు ఒడ్ల మీదా మబ్బులు, నది మీద నీలాకాశం. బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనెయాస్ సలాతి 1970లలో వాననీటి ఐసోటోపులను పరీక్షించి, అమెజాన్‌లో కురిసే వానలో దాదాపు సగం ఆ అడవే ఆవిరిగా విడిచి మళ్లీ రప్పించుకున్నదని చూపాడు.

తిండి, ఒడ్డు, జాగ్రత్తలు

లాంచీ భోజనం అన్నం, చిక్కుడు గింజల కూర, సేమియా లాంటి స్పఘెట్టి, కోడి లేదా మాంసం, పైన చల్లుకోవడానికి ఫరీన్య అనే కర్రపెండలం రవ్వ. చేదు రకం కర్రపెండలంలో సయనైడు విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఆదివాసులు దుంపను తురిమి, తాటాకు జాతి నారతో అల్లిన పొడవాటి గొట్టంలో కుక్కి లాగి రసం పిండుతారు. తురిమినప్పుడు దుంపలోని ఎంజైమే విషాన్ని విడగొడుతుంది, పిండి వేయించినప్పుడు మిగిలింది ఎగిరిపోతుంది. సామర్లకోట సగ్గుబియ్యానికి మూలమైన దుంప దక్షిణ అమెరికా నుంచి వచ్చినదే. స్నానానికీ మరుగుదొడ్లకూ నది నీరే పంపుతో వస్తుంది. తాగడానికి సీసా నీరు తప్పనిసరి.

బెలేం చేరువలో బ్రెవిస్ పాయల దగ్గర దారి ఇరుకవుతుంది. గుంజల ఇళ్ల నుంచి చిన్న పడవలు తెడ్లతో దూసుకొస్తాయి. పన్నెండేళ్ల పిల్ల కూడా పరుగెత్తే లాంచీ పక్కకు తన పడవను తెచ్చి, కొక్కెం విసిరి అంచుకు తగిలిస్తుంది. ఆ కుదుపుకు పడవ ముక్కు లేచి నీళ్లు లోపలికి చిమ్ముతాయి. తర్వాత రొయ్యలు, అసాయి పండ్లు, తాటి జాతి చెట్ల మొవ్వు అమ్ముడవుతాయి. కొందరు ప్రయాణికులు బట్టలు, బిస్కట్లు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి వాళ్లకు విసురుతారు. ఈ ప్రాంతపు చిన్న మోటారు పడవల్లో కప్పు లేని ఇరుసుకు జుట్టు చుట్టుకుని ఆడవాళ్లూ ఆడపిల్లలూ తలచర్మమే పోగొట్టుకునేవారు. ఇరుసుకు కప్పు తప్పనిసరి చేస్తూ బ్రెజిల్ 2009లో చట్టం తెచ్చింది.

పచ్చజ్వరం టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేవారిని భారత విమానాశ్రయాల్లో ఆపి విడిగా ఉంచవచ్చు. మలేరియాను మోసే దోమ సాయంత్రం నుంచి తెల్లారేదాకా కుడుతుంది. ఒడ్డున దిగి పడుకునేవాళ్లకు ఉయ్యాల మీద దోమతెర అవసరం.

నది పొంగు ఇప్పుడు పాత హద్దుల్లో ఉండడం లేదు. మనౌస్ రేవులో 1902 నుంచి రోజూ నీటిమట్టం కొలుస్తున్నారు. 2023 సెప్టెంబరు, అక్టోబరుల్లో నీరు అడుగంటి తెఫే సరస్సు 39 డిగ్రీలు దాటి వేడెక్కింది. కొద్ది వారాల్లో 200కు పైగా డాల్ఫిన్లు చచ్చి తేలాయి. లాంచీలు ఇసుకలో కూరుకుపోయాయి, ఊళ్లకు తాగునీరు, మందులు అందలేదు. ఎల్‌నినో ఉన్నా, ఆ కరువుకు ప్రధాన కారణం భూతాపమేనని 2024 జనవరిలో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. మనౌస్ కొలబద్ద మీద అత్యధిక మట్టం 2021 జూన్‌లో నమోదైన 30.02 మీటర్లు. అత్యల్పం 2024 అక్టోబరులో నమోదైన 12.11 మీటర్లు. నూరేళ్లకు పైబడిన ఆ లెక్కల్లో ఈ రెండు రికార్డులకూ మధ్య నాలుగేళ్లయినా లేవు.